గుమ్మిలో ఇరుక్కున్న డాక్టరుగారు

పోలీసు యాక్షన్‌లో మిలిట్రీ వచ్చిందనీ, ఊళ్లమీద పడే నిజాం రజాకార్లు పారిపోయారనీ నాకు మొదట చెప్పింది మా పక్కింటి గొల్ల ఎల్లమ్మత్త. "ఇగ ఫికర్ లేదు బిడ్డా, నీ పెనిమిటిని గుమ్మిలకెల్లి బయటికి రమ్మను" అంది. వడ్లు పోసుకునే ఆ వెదురు గుమ్మిలో దాక్కునే మా ఆయన ప్రాణం దక్కించుకున్నారు. అంతా దేవుడి దయ. కానీ భయం మాత్రం పోలేదు. రజాకార్లు వచ్చింది లారీల్లోనే కదా; కట్టంగూరు రోడ్డు మీద లారీ చప్పుడైతే చాలు, మళ్లీ గుమ్మిలోకే దూకేవారు. యాసంగి విత్తనాల అదను దాటిపోతోంది.

మామగారు నల్లగొండ నుంచి పిలిపించిన డాక్టరుగారు ఆయనను బయటికి రమ్మనలేదు. "నర్సయ్యా, నాకు జర జాగా ఇయ్యి" అంటూ రోజూ తానే గుమ్మిలోకి దిగి, ఆయన చెప్పిందంతా ఓపికగా వినేవారు.

ఒకరోజు మా ఆయన మంచినీళ్లకని బయటికి వచ్చారు. వెనకాలే ఎక్కివస్తున్న డాక్టరుగారి బొజ్జ గుమ్మి మూతి దగ్గర ఇరుక్కుంది. అప్పుడే లారీ చప్పుడు! మా ఆయన గుమ్మి దగ్గరికి ఉరికి వచ్చారు. దూరడానికి జాగా ఏదీ?

"ముందు నన్ను గుంజవయ్యా, తర్వాత నువ్వు దుంకుదువు!"

ఆయన గుంజారు, నేనూ గుంజాను. గుమ్మి ఒరిగి ముగ్గురమూ కిందపడ్డాం. మామగారి ముందే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

"లారీ పోయిందా నర్సయ్యా?"

"ఎప్పుడో పాయె సాబ్!" అంటూ మా ఆయన కూడా నవ్వారు. ఎన్నాళ్లకు విన్నానో ఆ నవ్వు!

ఆ వారమే ఆయన నాగలి పట్టారు. దీపం పెట్టేటప్పుడు నేను ఇప్పటికీ డాక్టరుగారిని తలుచుకుంటాను. మీరూ ఒక్కసారి ఆయనను తలుచుకోండి.