ఆండాళు వెనక్కి అడిగిన ఆరు జుబ్బాలు

చౌటుప్పల్ అంగడిలో ఆండాళు గురించి రెండు మాటలు తిరుగుతున్నాయి. పసిపిల్లల ఒంటిమీది జుబ్బాలు వెనక్కి అడిగి పట్టుకుపోయి మంత్రాలు చేయించిందనేది ఒకటి. అమ్మిన సరుకునే మళ్లీ అమ్ముకుందామని అడిగిందనేది రెండోది. రెండూ అబద్ధమే. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ నడుమ ఉన్నది ఒక్క మట్టిగోడ. దానికి చెవి ఆనించాల్సిన పని కూడా లేదు, అక్కడ దగ్గితే ఇక్కడ వినబడుతుంది. జుబ్బాలు వెనక్కి అడిగిన మాట మాత్రం నిజం. ఎందుకు అడిగిందో నేను చెప్తాను.

ఆండాళు మగడు వెంకటరాజం మగ్గం నేస్తాడు. మగ్గం ఒక్కదాన్నే నమ్ముకుంటే ముగ్గురు పిల్లలతో ఇల్లు గడవదని ఆండాళు పసిపిల్లల జుబ్బాలు కుట్టడం మొదలుపెట్టింది. పుట్టిన బిడ్డకు ఇరవై ఒకటో రోజు దాకా మన దగ్గర కొత్తబట్ట తొడగరు కదా, నిండింటి పాతబట్టే తొడుగుతారు. నిండిల్లంటే పుట్టిన పిల్లలంతా బతికి, ముసలివాళ్లు మనుమలను ఎత్తుకున్న ఇల్లు. అలాంటి చుట్టం అందరికీ ఉండదు. అందుకని ఆండాళే ఆ ఇళ్లకు పోయి పాత చీరలు అడిగి తెచ్చేది. బదులుగా మగ్గం మీది తువ్వాల ఒకటి ఇచ్చేది. తెచ్చిన చీరతో జుబ్బాలు కుట్టి ఆదివారం అంగడిలో అమ్మేది.

ఇంటిల్లిపాదికీ అందులో పనే. అత్త సుభద్రమ్మ చీర అంచులు విప్పి, మెత్తబడిన నడిమి బట్ట కత్తిరించి ఇచ్చేది. ఎనిమిదేళ్ల పెద్దబిడ్డ యాదలక్ష్మి సూదికి దారం ఎక్కించేది. నాలుగేళ్ల భిక్షపతి ఎక్కించిన దారాన్ని పీకేవాడు. ఆరునెలల పరమేశ్వర్ తొట్టెలలో ఉండేవాడు. తొట్టెల తాడు ఆండాళు కాలి బొటనవేలికి కట్టి ఉండేది. చేతులు కుడుతుంటే కాలు ఊపేది. పసి ఒంటికి ఒరుసుకోకుండా కుట్లు బయటివైపు వచ్చేట్టు కుట్టేది. గుండీలు పెట్టేది కాదు, దారంతో కట్లు పెట్టేది.

ఈ పనిలో రెండు పద్ధతులున్నాయి. నిండింటికి పోయినప్పుడు చీరను కొంగులో పట్టుకోవాలే గాని పిల్లలెందరు, ఎట్లున్నారు అని అడగకూడదు. అడిగితే దిష్టి. రెండోది, ఆ చీరను ఉతకకూడదు. మొదట్లో ఆండాళు శుభ్రంగా ఉతికే కుట్టింది. ఒక ముసలమ్మ జుబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని, "గిది నిండింటి బట్టనా, దర్జీ కాడి ముక్కనా? సబ్బు వాసన దప్ప ఇంటి వాసనే లేదు" అని అక్కడే పడేసి పోయింది. పక్కనున్న ఇద్దరు కూడా లేచిపోయారు. ఆ వారం నుంచి ఆండాళు ఉతకడం మానేసింది.

నాగార్జునసాగర్ కట్ట పని జోరుమీదున్న ఏడు, మాఘమాసం. పరమేశ్వర్‌కు పళ్లొచ్చే జ్వరం ఉండి ఆండాళు ఇల్లు కదలలేకపోయింది. అంగడికి ఒక్క జుబ్బా లేదు. ఆ బుధవారం పంతంగి దారి నుంచి లక్ష్మీనర్సమ్మ తనంత తానే వచ్చింది. ఐదుగురు కొడుకుల తల్లి ఆమె. మనుమలు ఎందరో నేనూ చెప్పను. ఆమె చీర దొరికిందంటే ఆండాళుకు పండుగే. ముసలమ్మ చంకలోని మూట తీసి, మెత్తటి పాత చీర ఒకటి ఆండాళు కొంగులో వేసింది.

"ఎవలెవలో అడిగిండ్రు బిడ్డా, ఇయ్యలే. నీకని దాసిన" అన్నది.

ఆ చీరలో ఆరు జుబ్బాలు వచ్చాయి. మిగిలిన ముక్కతో ఆండాళు తన పిల్లవాడికి కుల్ల కుట్టి తలకు పెట్టింది. ఆదివారం పొద్దెక్కేసరికి ఆరు జుబ్బాలూ అమ్ముడుపోయాయి.

మరుసటి ఆదివారం లక్ష్మీనర్సమ్మ మిరపకాయలు అమ్ముకోను అంగడికి వచ్చి ఆండాళు పక్కన కూర్చుంది. మొహం వెలిగిపోతున్నది.

"అన్ని వొయ్యినయా?"

"పొయ్యినయి పెద్దమ్మా. నీ చీర నిలుస్తదా?"

"నిలువదు. అసొంటి చీర దొరుకదు ఎవలకు. మా నడిపోని కొడుకుకు తల్లి వోసింది గదా, పెద్దతల్లి. ఇరువై దినాలు గా చీర మీదనే పండుకున్నడు పోరడు. ఆడింది, పాడింది, సల్లగ దిగిపొయ్యింది. పాణం మీదికి రానియ్యలే. తల్లి కూసున్న బట్ట, మళ్ల మంచి బట్టనే గద."

పెద్దతల్లి అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మశూచి. ఆ ముసలమ్మ ఎవరికీ చెడు చేసే మనిషి కాదు. తన మనుమణ్ని బతికించిన బట్ట నలుగురి పిల్లలనూ బతికిస్తుందని మనసారా నమ్మి ఇచ్చింది. ఆండాళు తన ఒళ్లో ఉన్న పరమేశ్వర్ తలమీది కుల్ల తీసింది. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక పిడికిట్లోనే పట్టుకుని ఇంటికి వచ్చింది.

ఇంట్లో సంగతి చెప్పగానే సుభద్రమ్మ, "నోర్ముయ్యి. తల్లిని గట్ల అనొద్దు. ఏపాకు కట్టి, సల్ల కుండ పెడుదాం" అన్నది.

"మన పోరనికి సల్ల కుండ పెడుదాం అత్తా. మిగిలిన ఆరుగురికి ఎవలు పెడుతరు?" అని ఆండాళు అడిగింది.

సోమవారం పొద్దున పిల్లలు ముగ్గురినీ తీసుకుని ఆండాళు సర్కారు దవాఖానకు పోయింది. టీకాల సారు అన్నీ విని తల పట్టుకున్నాడు.

"చీరకు పొక్కుల చెక్కులు అంటుకోని ఉంటయమ్మా. గండ్లనే ఉంటది రోగం. ఉతికినవా?"

"ఉతుకలే సారూ."

"తొడిగిన దినం నుంచి పదిహేను దినాలు చూడాలె. ఎనిమిది పొయ్యినయి. టీకా ఇప్పుడే వేస్తె జర ఆసర ఉంటది. మిగిలినోల్ల పిల్లలకు గూడ వేయించు. బట్టను నీళ్లల్ల మసల మసల ఉడకబెట్టాలె. కాలబెట్టినా మంచిదే."

ముగ్గురికీ టీకాలు పడ్డాయి. భిక్షపతి ఏడ్చినంత ఏడ్చి, సారు చేయి కొరికాడు. దవాఖాన మెట్లు దిగి ఆండాళు నేరుగా జుబ్బాల కోసం బయలుదేరింది. చంకన పరమేశ్వర్, వెనక యాదలక్ష్మి, యాదలక్ష్మి చేయి పట్టుకుని భిక్షపతి.

రెండు జుబ్బాలు చౌటుప్పల్‌లోనే ఉన్నాయి. తెలిసిన ఇళ్లు, కోప్పడి ఇచ్చేశారు. చిక్కంతా ఊరి బయట వచ్చింది. పసిబిడ్డ ఒంటిమీద వేసిన బట్టను పరాయి మనిషి చేతికి ఎవరిస్తారు? దానితో చేతబడి చేస్తారని భయం. లింగోజిగూడెంలో బిక్షమ్మ అని ఒక అవ్వ వాకిట్లోనే అడ్డం నిలబడింది. లోపల ఆమె కోడలు బాలింత.

"మల్ల అడుగు. ఏమడిగినవ్?"

"మొన్న కొన్న జుబ్బా అవ్వా. జర ఇయ్యుండ్రి."

"అమ్మినంక నీదెట్లయితది? మా పోరని ఒంటి బట్ట నీకెందుకు? ఎవలు పంపిండ్రే నిన్ను?"

"ఎవలు పంపలే."

"ముగ్గురు పిల్లల తల్లివి. సిగ్గు లేదా మంది పిల్లల మీద పడుతందుకు?"

అమ్మలక్కలు పోగయ్యారు. భిక్షపతి తల్లి చీర పట్టుకుని ఏడుపు అందుకున్నాడు. అప్పటిదాకా ఆండాళు కుట్టు సరిగ్గా పడలేదని, కట్లు ఊడతాయని ఏవేవో చెప్తూ వచ్చింది. నిజం చెప్తే ఇక తన దగ్గర ఎవరూ జుబ్బా కొనరని ఆమెకు తెలుసు. పిల్లల ముగ్గురి వంకా చూసింది. తర్వాత చెప్పేసింది.

"గా చీర మీద పెద్దతల్లి పోసిన పిలగాడు పండుకున్నడంట అవ్వా. నాకెర్క లేక కుట్టిన. జుబ్బా నాకియ్యకుండ్రి. మీ పొయ్యి మీద, మీ కుండల్నే ఉడుకబెట్టుండ్రి. నేను ఈ వాకిట్లనే నిలవడి సూసిపోత. పిలగానికి టీకా వేయించుండ్రి, గంతే."

బిక్షమ్మ లోపలికి పోయింది. కుండ పెట్టింది. నీళ్లు మసిలేదాకా ఆండాళు ఎండలోనే నిలబడింది. బిక్షమ్మ ఆమెను కూర్చోమనలేదు. యాదలక్ష్మికి మాత్రం చెంబుతో నీళ్లిచ్చి, "మీ అమ్మకు గూడ తాపియ్యి" అన్నది.

ఆ మూడు రోజుల్లో ఐదు జుబ్బాలు ఉడికాయి, ఐదుగురు పిల్లలకు టీకాలు పడ్డాయి. ఆ మూడు రోజుల్లోనే ఆండాళు పేరు చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ పాకింది. మంత్రాల మాట పుట్టింది కూడా అప్పుడే.

ఆరోది దొరకలేదు. దాన్ని కొన్నది నందికొండకు పోయే కూలివాళ్లు, మొగుడూ పెళ్లామూ. అక్కడ కృష్ణ మీద కడుతున్న కట్ట పనికి పోతూ లారీ కోసం అంగడి పక్కన కూర్చున్నారు. ఆమె ఒళ్లో తొమ్మిది రోజుల మగపిల్లాడు. అంత పచ్చి బాలింత ప్రయాణం చేస్తున్నదేమిటని ఆండాళు అనుకుంది గాని, ఏ ఊరని అడగలేదు. ఆమె గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు ఉంది. గుర్తున్నది అదొక్కటే.

సారు చెప్పిన పదిహేను రోజులు నిండేదాకా ఆండాళు ఎట్లా బతికిందో గోడకు ఇవతల ఉన్న నాకు తెలుసు. పొద్దు పొడవగానే పరమేశ్వర్ అంగీ విప్పి వాకిట్లో ఎండకు పట్టుకుని చూసేది. మెడ కింద, చంకలు, అరికాళ్లు. దోమ కుట్టిన చోటును కూడా తడిమి తడిమి చూసేది. యాదలక్ష్మికి కూడా ఆ అలవాటు పట్టుకుంది. తమ్ముడు భిక్షపతి ఆడుకుంటుంటే పట్టుకుని అంగీ ఎత్తేది. వాడు దొరక్కుండా పరిగెత్తేవాడు.

పద్నాలుగో రోజున పరమేశ్వర్‌కు ఒళ్లు కాలింది. సుభద్రమ్మ గుమ్మానికి వేపమండలు తెచ్చి కట్టింది. వెంకటరాజం మగ్గం గుంటలోంచి లేచి వచ్చి తొట్టెల పక్కన నిలబడ్డాడు. ఆండాళు పిల్లవాణ్ని ఎత్తుకుని దవాఖానకు పరిగెత్తింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

టీకాల సారు పిల్లవాడి చేయి తిప్పి చూశాడు. టీకా వేసిన చోట పొక్కు ఎర్రగా ఉబ్బి ఉంది.

"టీకా పట్టిందమ్మా. గా జ్వరమే ఇది. రెండు దినాలల్ల దిగుతది."

"పక్కానా సారూ?"

"ఒంటి మీద ఇంకేడ లేదు గద. పక్కా."

ఆండాళు దవాఖాన అరుగు మీద కూర్చుండిపోయింది. జ్వరం రెండో రోజు దిగింది. ఐదు ఇళ్ల నుంచీ చెడ్డ కబురు రాలేదు. సుభద్రమ్మ వేపమండలు తీసేసి పోచమ్మకు బోనం పెట్టింది. ఇక అయిపోయిందని మేమంతా అనుకున్నాం.

ఆండాళుకు అయిపోలేదు. "ఆరోది" అన్నది.

పాలు తాగే పిల్లవాడితో తాను పోలేదు. సగం నేసిన చీరను మగ్గం మీదనే వదిలి వెంకటరాజం నందికొండ లారీ ఎక్కాడు. నాలుగో రోజు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కోకముందే చెప్పాడు.

"కనవడ్డరు. పిలగాడు మంచిగున్నడు."

ఆండాళు కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచినీళ్ల చెంబు ఇచ్చింది. జొన్నరొట్టె పెట్టింది. అతను తింటుంటే పక్కనే కూర్చుని అడుగుతూ పోయింది. ఎంత లావయ్యాడు, తల్లికి పాలున్నాయా, జుబ్బా ఉడకబెట్టారా అని. అన్నింటికీ ఊ కొట్టాడు.

"గా జుబ్బాకు కట్లు ఏం దారంవి ఉండె?"

వెంకటరాజం నమలడం ఆపాడు. "తెల్లయి."

"ఆరో జుబ్బాకాడికి వచ్చేవరకు తెల్లదారం ఒడిసిపొయ్యింది. నీ మగ్గం కాడి నల్లదారం దెంపి పెట్టిన."

అతను రొట్టె పక్కన పెట్టాడు. "వేలమంది ఉన్నరే. కొండ పొడుగూత గుడిసెలే. గడ్డం మీద పచ్చబొట్టున్నోల్లు ఎందరని సూడాలె? పేరడుగుతె పేరెర్క లేదు, ఊరడుగుతె ఊరెర్క లేదు. నీ మొకం సూడలేక చెప్పిన."

ఎనిమిది రోజులు ఆండాళు అతనితో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు నూలు చుట్టుకుంటూ తనంత తానే అన్నది. "బతికిండని జెప్పినవ్. రొట్టె తిన్నంతసేపు మంచిగనే ఉండె."

ఇది జరిగి మూడేళ్లు. ఆండాళు జుబ్బాలు మానలేదు, మానితే ఇల్లు నడవదు. ఇప్పుడు వాకిట్లో అందరికీ కనబడేట్టు పెద్ద కుండ పెట్టి చీరలు ఉడకబెట్టి కుడుతున్నది. కొనేవాళ్లు తక్కువ. ఈ మధ్య లింగోజిగూడెం బిక్షమ్మ తన రెండో మనుమడి కోసం వచ్చి, వాసన చూడకుండానే జుబ్బా పట్టుకుపోయింది. పరమేశ్వర్ ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. వాణ్ని చూసినప్పుడల్లా ఆండాళు, "గా పిలగాడు గూడ గింతనే ఉంటడు" అంటుంది. ఉంటే, అని లోపల అనుకుంటుందేమో, పైకి అనదు. నందికొండ నుంచి లారీ వచ్చి ఆగితే సరుకు వదిలేసి పోయి దిగే ఆడవాళ్ల గడ్డాలు చూస్తుంది. ఈ నడుమ అన్నం కూడా సరిగ్గా తినడం లేదని యాదలక్ష్మి నాతో అన్నది.

మీలో ఎవరైనా బెజవాడ రోడ్డు మీద పోయేవాళ్లుంటే చౌటుప్పల్‌లో దిగి, సాలోళ్ల వాడలో ఆమె ఎట్లా ఉందో ఒకసారి చూసిపోండి. జుబ్బా కొనకపోయినా ఫరవాలేదు. నందికొండ నుంచి వస్తున్నారా అని అడుగుతుంది. చూడనిదాన్ని చూశామని మాత్రం చెప్పకండి. కాసేపు కూర్చుని, తిన్నదో లేదో అడగండి.