దుంగలో ముందు దూరినవాళ్లు

మా పిన్నికి జరిగిన అన్యాయం చూడటానికి చిన్నదే. కారు టైరులో గాలి పోయింది. బాబాయికీ, ఆయన తమ్ముడికీ ఒకే రోజు పెళ్లయింది. పెద్దకోడలిగా ముందు ఇల్లు చేరాల్సింది పిన్ని. ఆమె దారిలో కూర్చుని టైరు మార్చడం చూస్తుండగా, చిన్నకోడలు వచ్చేసి వంటింట్లో డబ్బాలన్నీ తనకు అందే ఎత్తులో సర్దేసుకుంది. గాలి దానంతటదే పోయిందా, చిన్నకోడలి తమ్ముడు తీశాడా అన్నది ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

"ముందొచ్చింది, సర్దుకుంది. ఇప్పుడు మళ్లీ తీయిస్తామా?" అని అత్తగారు తీర్పు చెప్పేసింది.

పిన్ని పొడగరి. ఆ వంటింట్లో ఉప్పు కావాలన్నా నడుం వంచాలి.

ఆమెకు మిగిలింది పెరట్లో కట్టెల కొట్టం. అందులో పుట్టగొడుగులు మొదలుపెట్టింది. పచ్చి దుంగకు బెజ్జాలు పెట్టి, విత్తనం కూరి, మైనంతో మూసి, తడిపి నీడలో పేర్చేది. నెలలు గడిచాక గుత్తులు గుత్తులుగా మొలిచేవి. హోటలువాడు గుమ్మం దగ్గరికొచ్చి పట్టుకెళ్లేవాడు. దాంతో చిన్నకోడలి కన్ను కొట్టం మీద పడింది.

"ఇదేం బ్రహ్మవిద్యా? నేనూ చేస్తాను," అంది.

"అయితే దుంగలు చెరిసగం పంచుకోండి. ఎవరివి మొలిస్తే కొట్టం వాళ్లది," అంది అత్తగారు.

కొట్టం పోతే ఆ ఇంట్లో పిన్ని నిటారుగా నిలబడే చోటుండదు. అయినా నవ్వింది.

"నువ్వే ఏరుకో చెల్లీ. ముందు రావడం నీకు అలవాటేగా."

చిన్నకోడలు గోడవార పడున్న లావుపాటి దుంగలన్నీ ఏరుకుంది. అవి పోయిన వానాకాలం నుంచి అక్కడే నానుతున్నాయి. పిన్నికి అప్పుడే కొట్టించిన సన్నవి మిగిలాయి. విత్తనం మాత్రం ఒక్క సంచిలోదే.

కాలం వచ్చాక పిన్ని దుంగలు తెల్లగా విచ్చుకున్నాయి. చిన్నకోడలి వాటి మీద అరిగిన చెప్పుల్లాంటివేవో అట్టలు కట్టాయి. ఉడకవు, పంటికి నలగవు.

"నాకు చచ్చు విత్తనం ఇచ్చావక్కా."

పిన్ని గొడ్డలి తెచ్చి దుంగలు చీల్చింది. తనది లోపల తెల్లగా, దూదిలా మెత్తబడి ఉంది. చిన్నకోడలి వాటిలో ఒకటి గోధుమరంగుకు తిరిగి, నొక్కితే ఇటుక ముక్కల్లా విరిగింది. ఇంకోదాంట్లో బెజ్జం చుట్టూ కాటుకతో గీసినట్టు నల్లటి గీత. గీత లోపల విత్తనం బిక్కచచ్చి ఉంది.

"నువ్వు కూరేలోపే పరాయి బూజులెవరో దూరి కాపురం పెట్టేశారు. గోడ కూడా కట్టుకున్నారు. వెనకొచ్చినవాళ్లకు గిన్నె పెట్టుకునే చోటు లేదు," అంది పిన్ని, ఎవరి వైపూ చూడకుండా.

అత్తగారు దగ్గింది. "ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే?"

"అది పశువుల సంగతి అత్తయ్యా. కొయ్యలో చెవులదే రాజ్యం. మన వంటింట్లో లాగా."

కొట్టం పిన్నికే దక్కింది. పాత దుంగలు పనికిరావని ఎందుకు చెప్పలేదని నేనడిగితే, "టైరు సంగతి నాకెవరు చెప్పారు?" అంది.

మొన్న వెళ్లేసరికి అత్తగారు పుట్టగొడుగుల కూర రుచి మరిగి ఉంది. వండేది పిన్నే. వంటింటి పై అరలో, చిన్నకోడలికి అందని ఎత్తులో, కొత్త డబ్బా ఒకటి వెలిసింది. వెనకొచ్చినవాళ్లకు లోకంలో ఎక్కడా చోటుండదని నేను పిన్ని తరఫున వాపోయాను. పిన్ని గరిటె ఆపలేదు.

"అన్నీ అలా ఉండవురా. కొన్ని జాతులు, ఇంకోటి ముందొచ్చి కొయ్యను నమిలి మెత్తచేశాకే మొలుస్తాయి. ముందొచ్చినావిణ్ణి నమలనీ. నాకేం తొందర?"