సాయిబు గారి బండిలో మిగిలిన నట్టు

నా చిన్నప్పుడు మా ఊళ్ళోకి మోటారుసైకిలు వచ్చిందంటే ఎవరి గేదెకో ఒంట్లో బాగాలేదని లెక్క. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి కలిపి బండి ఉన్న మనిషి పశువుల కాంపౌండరు గారొక్కరే మరి. ఆయన్ని అందరూ సాయిబు గారు అనేవాళ్ళు. వినుకొండ రోడ్డు మీద ఆ చప్పుడు వినపడగానే, గేదె ఎవరిదైనా సరే, ముందు పరిగెత్తేది నేను. ఆయన కొట్టంలో సూది వేస్తుంటే నేను బయట బండికి కాపలా. ఎవరూ ఉండమనలేదు, నాకు నేనే వేసుకున్నాను ఆ ఉద్యోగం. తోటి పిల్లలు హారను మీద చెయ్యి వెయ్యబోతే చేతుల మీద కొట్టేదాన్ని. వెళ్ళేటప్పుడు ఆయన నా జీతం కింద ఒకే ఒకసారి హారను నొక్కనిచ్చేవారు. ఇప్పుడు మా ఇంట్లో మనుషులం నలుగురం, బండ్లు మూడు. ఒక్కదాని మీదా నాకు ఆ మోజు లేదు.

ఆయన బండిని కూడా గొడ్డుని చూసినట్టే చూసుకునేవారు. దిగగానే ఇంజను పక్కన చెవి పెట్టి వినేవారు. చైను వదులైందేమో వేలితో ఎత్తి చూసేవారు. ఎండలో సీటు మీద తడి గోతం కప్పేవారు. పక్క ఇంటికి వెళ్ళినా సరే హ్యాండిలు తాళం వెయ్యకుండా కదిలేవారు కాదు. మా పల్లెటూళ్ళో ఎవడెత్తుకుపోతాడండీ అని మా నాన్న వెక్కిరిస్తే, ఎత్తుకుపోయేవాడు ఊరు చూడడండీ, తాళం చూస్తాడు అని నవ్వేవారు.

మా ఊరి పక్కగా తారురోడ్డు పడ్డాక మిరపకాయలు ఆరబెట్టే పని కళ్ళాల నుంచి రోడ్డు మీదకి వచ్చింది. నల్లటి తారు మీద కాయ రెండు రోజులు ముందే ఎండుతుంది, మట్టి అంటుకోదు. సగం రోడ్డు కాయలకి, సగం రోడ్డు వచ్చేపోయే బండ్లకి. లారీలు కాయల మీద ఎక్కకుండా అంచు పొడుగునా రాళ్ళు పేర్చేవాళ్ళం. అది తప్పని ఇప్పుడు చెబుతాను గానీ, అప్పుడు ప్రభుత్వం వారు ఆ రోడ్డు వేసిందే మా కాయల కోసం అన్నట్టు ఉండేవాళ్ళు మా నాన్నతో సహా అందరూ. రాళ్ళు పెట్టేది పెద్దవాళ్ళు. కాయలు ఎత్తేశాక వాటిని తీసి పక్క కాలవలో పడెయ్యడం పిల్లల పని. పెట్టడం ఏ ఒక్కరూ మరిచిపోయేవాళ్ళు కాదు, కాయలు తమవి కాబట్టి. తియ్యడం దగ్గరే అందరికీ ఎక్కడలేని మతిమరుపు వచ్చేది.

నాకు పదేళ్ళు అప్పుడు. ఆ ఏడాది మొదటి కోత కాయలు గోతాలకెత్తిన రోజు, పొద్దుగూకే వేళకి ఎడ్లబండి నిండింది. గోతాల మీద కూర్చుని ఊళ్ళోకి ఊరేగాలని నాకు మధ్యాహ్నం నుంచీ ఒకటే ఆశ. మా నాన్న రాళ్ళు తీసి రమ్మన్నాడు. వరసగా తీసుకుంటూ పోతున్నాను, ఇంకో నాలుగు మిగిలాయి. ఎడ్లని కాడికి కట్టేశారు, బండి కదిలిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. ఆ నాలుగూ అక్కడే వదిలేసి పరిగెత్తి ఎక్కేశాను. అన్నీ తీశావా అని మా నాన్న అడిగాడు. తీశాను అన్నాను. అంత తేలికగా వచ్చేసింది ఆ మాట.

ఆ తర్వాత అరగంటకే సాయిబు గారు పై ఊళ్ళో గేదెకి పురుడు పోసి తిరిగి వస్తూ ఆ రాళ్ళ మీద పడ్డారు. ఎదురుగా వచ్చిన లారీకి దారి ఇవ్వబోయి పక్కకి తప్పుకున్నారట. కుడి ముంజేయి విరిగింది. బండి ముందు చక్రం వంకరపోయింది, మందుల పెట్టె పగిలి సీసాలన్నీ రోడ్డు మీద ముక్కలయ్యాయి. ఆయన్ని ఎవరి ట్రాక్టరులోనో వినుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బండిని మా ఎడ్లబండి మీదే తెచ్చి మా కొట్టంలో పెట్టారు.

తెల్లారి రోడ్డు మీద ఊరు సగం చేరింది. మేము కాయలు ఎత్తేసిన చోటు ఖాళీగా ఉంది. దాని పక్కనే, ఊరి చివర కూలీల పేటలో ఉండే అవ్వ కాయలు ఒక మంచమంత మేర ఎర్రగా కనిపిస్తున్నాయి. ఆవిడ మా చేలో కూలికి వచ్చేది. కోతలు అయిన చేలల్లో పరిగె ఏరుకున్న కాయలు అవి, ఏడాదంతా ఆవిడ ఇంటి కారం. ఇంకేముంది, రాళ్ళు అవ్వవే అని తేల్చేశారు. అందరికంటే పెద్ద గొంతు మా నాన్నది. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"మా రాళ్ళు మేం తీశాం. మా పిల్లే తీసింది. ఏమ్మా, తీశావుగా?" అని అందరి ముందూ నన్నే అడిగాడు.

తలూపాను.

అవ్వ తన కాయల పక్కన నిలబడి ఉంది. ఆవిడ కాయల చుట్టూ ఉన్నది తుమ్మకంప. ఆవిడ రాళ్ళు మొయ్యలేదు, అందుకని ఎప్పుడూ కంపే వేసుకునేది. అది నాకు కనపడింది. చూడదలుచుకుంటే అక్కడున్న అందరికీ కనపడేదే. ఆవిడ నన్ను ఒకసారి చూసి తల దించుకుంది. ఇక రోడ్డు మీద నీ కాయ కనపడటానికి వీల్లేదు, రెండో కోతకి మా చేలోకి రానక్కర్లేదు అని మా నాన్న అరిచాడు. ఆరీ ఆరని కాయలు గంపకెత్తుకుని ఆవిడ వెళ్ళిపోయింది. దొంగకి తేలు కుట్టినట్టు ఉంది నా పని.

మూడు రోజులకి సాయిబు గారు చెయ్యి మెడకి కట్టుకుని బస్సులో వచ్చారు. ఊళ్ళో జరిగిందంతా దారిలోనే ఎవరో చెప్పి ఉంటారు. మా ఇంటికి రాకముందే పేటకి వెళ్ళి, అవ్వ కాయలు బూజు పట్టకుండా పక్క ఊళ్ళో పశువుల ఆసుపత్రి వసారాలో పోయించే ఏర్పాటు చేసి వచ్చారని మాకు తర్వాత తెలిసింది. మా అరుగు మీద కూర్చుని టీ తాగుతుంటే, ఆ ముసలిదాన్ని ఇక రోడ్డెక్కనివ్వనండీ అని మా నాన్న ఊగిపోతున్నాడు. నేను తలుపు వెనకాల నక్కి ఉన్నాను. సాయిబు గారు వస్తే నేను ఎదురెళ్ళకపోవడం అదే మొదటిసారి.

గ్లాసు కింద పెట్టి ఆయన అడిగింది ఒక్కటే. మెకానిక్కు వచ్చి చక్రం సరిచేసి పోతాడు, మిగతా శుభ్రం చేసుకోవడానికి నాకు కుడి చెయ్యి లేదు, మీ అమ్మాయిని రోజూ ఒక గంట నాకు చెయ్యిగా ఇస్తారా అని. మా నాన్న మహా సంతోషంగా ఇచ్చేశాడు. నేను మాత్రం ఉరికంబం ఎక్కబోతున్నట్టు కొట్టంలోకి వెళ్ళాను.

వారం రోజులు మాటలు ఆయనవి, చేతులు నావి. ప్లగ్గు విప్పించి గరుకు కాగితంతో మసి గీకించారు. చైను మీది రేకు విప్పించి, చైను కిరసనాయిలుతో కడిగించి, నూనె పట్టించారు. ప్రతి నట్టూ విప్పిన వరసలోనే పాత పంచె మీద పేర్చాలి. చివర విప్పింది ముందు బిగించాలి. బిగించాక పంచె ఖాళీగా ఉండాలి, అది ఆయన పద్ధతి. ఒక్క నట్టు వదులైనా చైను ఊడి చక్రానికి చుట్టుకుంటుంది, మనిషి లేవడు అని మొదటి రోజే చెప్పారు. రాళ్ళ ఊసు మాత్రం ఒక్కరోజు కూడా ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండేదని నాకు అనిపించేది. ఆయనేమో తన చిన్నప్పటి కబుర్లు చెబుతూ, బాగా బిగించావమ్మా అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు చెంపదెబ్బ కంటే మండేది.

బండి తీసుకెళ్ళే రోజు వచ్చింది. తోలడానికి ఆయన బావమరిది వచ్చాడు, ఆయన వెనక కూర్చుంటారు. పొద్దున్నే రేకు బిగించడం పూర్తిచేశాను. చూస్తే పంచె మీద ఒక నట్టు మిగిలి ఉంది. ఎక్కడిదో తెలియలేదు. ఎంత వెతికినా ఏ చోటూ ఖాళీగా కనపడలేదు. ఆయన అటు తిరిగి మా నాన్నతో మాట్లాడుతున్నారు. మళ్ళీ అంతా విప్పాలంటే భయం, అడగాలంటే సిగ్గు. నట్టు గుప్పిట్లో దాచేశాను. అయిందా అమ్మా, అన్నీ బిగించావా అన్నారు. బిగించాను అన్నాను. ఎడ్లబండి మీద చెప్పినంత తేలికగానే.

బావమరిది కిక్కు కొట్టాడు. బండి అందుకుంది. సాయిబు గారు కట్టుకట్టిన చేతిని గుండెకి ఆనించుకుని, ఎడమ చేత్తో అతని భుజం పట్టుకుని ఎక్కారు. వాకిలి దాటారు. ఆ విరిగిన చెయ్యి చూస్తూ ఉంటే నాకేమైందో, కేక వేసుకుంటూ బండికి అడ్డంగా పరిగెత్తాను. "ఆగండి, నట్టు మిగిలింది, నట్టు మిగిలింది!" అని ఏడుస్తున్నాను. గుప్పిట విప్పి చూపించాను. నట్టు అంచులు అరచేతిలో అచ్చు పడి ఉన్నాయి. ఆ ఏడుపులోనే రాళ్ళు కూడా బయటికి వచ్చేశాయి. నాలుగు రాళ్ళు నేనే వదిలేశాను, అవ్వ కాదు, నేనే.

ఆయన దిగి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. నట్టు తీసుకుని జేబులో వేసుకున్నారు.

"ఇది నా బండిది కాదమ్మా. పొద్దున నేనే పెట్టాను. పడ్డవాణ్ణి నాకు తెలియదూ, నేను అవ్వ కాయల దాకా రానేలేదు. కాయలకి చోటు నేను చూపించాను గానీ, ఆవిడ మీద పడ్డ మాట నేను తీసేస్తే బాగుండదు. అది నువ్వే తియ్యాలి."

మా నాన్న వెనకాలే నిలబడి అంతా విన్నాడు. ఆయన చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఆగి, మెల్లగా దిగిపోయింది. మా పిల్లే తీసిందని ఊరందరి ముందూ అరిచింది ఆయనే కదా. కండువా భుజాన వేసుకుని, పద అన్నాడు. మీరూ రండి అని సాయిబు గారిని పిలిస్తే, నేనెందుకండీ, మీరిద్దరూ వెళ్ళిరండి అని బండెక్కి వెళ్ళిపోయారు. మా అవమానం చూడటానికి ఆయన ఆగలేదు. ఆ మర్యాద విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

అవ్వ ఇంటి ముందు కూర్చుని చేటలో నూకలు చెరుగుతోంది. మా నాన్నని చూసి కంగారుగా లేవబోయింది. ఎప్పుడూ మాటలకి తడుముకోని మా నాన్న ఆ రోజు నా వైపు చూశాడు. నేనే చెప్పాను, ఆ రాళ్ళు నావి అవ్వా అని.

"తెలుసమ్మా," అంది ఆవిడ. "నువ్వు వదిలేసి బండెక్కడం చూశా. మళ్ళా వస్తావులే అనుకున్నా. చీకటి పడతా ఉంటే నేనైనా తీసి ఉండాల్సింది, మోకాళ్ళ నొప్పులని లేవలా. నాదీ తప్పే."

"మరి ఆ రోజు చెప్పలేదేం?" అన్నాడు మా నాన్న.

"చెబితే పిల్లని చావగొట్టరూ మీరు?" అని, చేట పక్కన పెట్టి, కాస్త నవ్వుతూనే అంది. "అయినా అయ్యా, నేను చెబితే ఎవరు నమ్ముతారు?"

మా నాన్న అక్కడే, ఆ మట్టి అరుగు మీద కూలబడ్డాడు. ఆ పేటలో ఆయన కూర్చోవడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. రేపు రెండో కోత, నువ్వు రావాలి అన్నాడు. ఆ సాయంత్రం రచ్చబండ దగ్గర, తిట్టినప్పుడు ఎంత గొంతుతో అరిచాడో అంతే గొంతుతో, రాళ్ళు మావి, నోరు జారింది నేను అని చెప్పాడు. ఆయన మీద నాకు కోపాలు చాలా ఉండేవి గానీ, ఆ ఒక్క అరుపుకి నేటికీ దణ్ణం పెడతాను.

టీచరునై పాతికేళ్ళ పైన స్కూటరు మీద తిరిగాను. దారిలో వదిలేసిన రాయి కనపడితే దిగి తీస్తాను, అది పెద్ద గొప్పేం కాదు, ఎవరైనా చేస్తారు. నేను కష్టపడి నేర్చుకున్నది వేరే. ఈ మధ్య మా వీధి మలుపులో మా మనవడి బండికీ ఒక ఆటోకీ రాసుకుంటే, చేరిన జనమంతా ఆటో అబ్బాయి మీద పడ్డారు. ఆ అబ్బాయి నోరు మెదపడం లేదు. అందర్నీ ఆపి ముందు అతన్నే అడిగాను, ఏం జరిగింది నాయనా అని. మావాడు చెయ్యి చూపకుండా తిప్పాడట. మావాడు నేల చూపులు చూస్తూ అవునన్నాడు. వాడికి ఆ రోజు నా మీద కోపం వచ్చింది, వస్తే రానీ.

సాయిబు గారు బస్సులో వచ్చిన రోజే మా అరుగు మీద ఒక్క మాట అనేసి ఉంటే సరిపోయేది. అవ్వ మీద నింద పోయేది, నాకు నాలుగు దెబ్బలు పడేవి, అంతటితో తీరిపోయేది. ఆయన వారం రోజులు ఓపిక పట్టి, నా నోటితోనే చెప్పించి, నా కాళ్ళతోనే ఆ ఇంటికి నడిపించారు. లేకపోతే తెలిసి తెలిసీ నా కోసం మాట పడ్డ మనిషి ఒకరు ఉన్నారని ఈ జన్మకి నాకు తెలిసేదే కాదు.