ఎండలో పెట్టిన సెల్లులు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా చిక్కడపల్లిలో బతికున్నవాళ్లకే రెండు గదులు కిరాయికి దొరకడం గగనం, చచ్చినవాళ్లకు ఇల్లెవరిస్తారని వాదించేవాణ్ణి. మా బంధువులావిడకు పూనకం వస్తే, ఆ వచ్చిన దేవతను భోజనానికి ఉంటారా అని అడిగి తన్నులు తిన్న చరిత్ర నాది. కాబట్టి కింద రాసేదాన్ని సాక్ష్యంగా మాత్రమే తీసుకోండి. తీర్పు నాకూ తెలియదు.

రెండేళ్ల కిందటి సంగతి. మా అక్క సులోచనా, బావా అశోక్ నగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లు. బావ ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయనకు రేడియోల పిచ్చి. కొన్న రేడియో ఎవడైనా వింటాడు, చేసుకున్నది వినాలి అనేవాడు. కోఠి అంతా తిరిగి ఒక్కో సామానూ తెచ్చి, వంటింటి పీట మీద ట్రాన్సిస్టర్ కట్టడం మొదలుపెట్టాడు. పనిలో పనిగా పోస్టాఫీసుకు వెళ్లి రేడియో ఉన్న ప్రతివాడూ కట్టే లైసెన్సు కూడా తెచ్చాడు. నోరు రాని పెట్టెకు లైసెన్సు తీసినవాడు ఊరు మొత్తంలో మా బావ ఒక్కడేనని నేను వీధంతా చాటాను.

"నవ్వు బామ్మర్ది, నవ్వు. ఇది పలికిననాడు నీ నోరు బందైతది," అనేవాడు.

ఆయనకో అలవాటుండేది. ఎవరింట్లో రేడియో మూగబోయినా వెనక మూత తీసి, చూపుడువేలు నాలుకకు తడి చేసుకుని లోపల ఒక చోట ముట్టేవాడు. అక్కడి నుంచి స్పీకర్ దాకా అంతా బాగుంటే 'గుర్ర్' మంటుంది. అనకపోతే రోగం ఆ మధ్యలోనే ఉన్నట్టు. మెకానిక్కులందరూ చేసే పరీక్షే. బావ మాత్రం మూడుసార్లు ముట్టేవాడు. రెండు గబగబా, మూడోది కాస్త ఆగి, సాగదీసి. చుట్టాలు తలుపు కొట్టినట్టు.

"ఛీ, ఎంగిలి వేలు!" అని అక్క ప్రతిసారీ తిట్టేది.

"పిలుస్తున్ననే. పిలిస్తే పలకాలె గద," అని ఆయన ప్రతిసారీ అదే జవాబు.

కట్టడం అయిపోయిన సాయంత్రం ఆఖరి అతుకు నాకు చూపించాడు. తనే చుట్టిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్పీకర్‌కు పోయే సన్నటి రాగితీగ అతుకు. అంతకుముందు వేసినవన్నీ ఎలుక పెంటికల్లా ఉన్నాయని నేను అన్నందుకు, దీన్ని పట్టుబట్టి వేశాడు. సీసం ముత్యంలా మెరిసింది. నాలుగు బ్యాటరీ సెల్లులు వేశాడు. పలకలేదు. వేలు తడి చేసి ముట్టాడు. గుర్రు కూడా లేదు.

"ఆదివారం చూస్త," అన్నాడు.

ఆదివారానికి కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. పసరు పోశారు, తర్వాత ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ కూడా నేను జోకులు వేస్తూనే ఉన్నాను, ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆఖరి జోకుకు నవ్వలేదు. జోకు బాగాలేదేమో అనుకున్నాను.

కర్మలయ్యాక అక్కను మా ఇంటికి తెచ్చుకుందామనుకున్నాం. ఇంటావిడ ఆ వాటాను వేరేవాళ్లకు ఇస్తానని మాట ఇచ్చేసింది కూడా. అక్క కదలలేదు. ఏడవనూ లేదు. అన్నం ముందు పెడితే చూసేది, తీసేస్తే చూసేది. అమ్మ బతిమాలితే ఒక్కటే మాట.

"అది పలికినంక వస్త. ఆయన చేసింది మూగదై పోయిందనిపించుకోను."

అలా ఆ పని నా మీద పడింది. బావకు పట్టకారు అందించిన అనుభవం తప్ప నాకు వేరే విద్య లేదు. నారాయణగూడలో కాలేజీ కాగానే రోజూ నడిచి వెళ్లి పీట ముందు కూర్చునేవాణ్ణి. స్పీకర్‌కు విడిగా సెల్లు ముట్టిస్తే టిక్కుమంది, అంటే బతికే ఉంది. అనుమానమున్న అతుకులన్నీ మళ్లీ వేశాను. కోఠికి వెళ్లి రెండు సామాన్లు మార్పించుకొచ్చాను. ముత్యంలాంటి ఆ ఒక్క అతుకును మాత్రం ముట్టలేదు. అంత అందమైనదాంట్లో తప్పుంటుందని తోచలేదు. తోచినా చెయ్యి వచ్చేది కాదేమో.

చివరికి ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి చీర కొంగు నలుపుతూ నిలబడింది. వాళ్లది గుంటూరు వైపు.

"ఏమనుకోకమ్మాయ్. రేపు వాళ్లొచ్చి పాలు పొంగించుకుంటామంటున్నారు. వాళ్లకి నేనేం చెప్పను చెప్పు," అంది. ఆవిడ కళ్లలో నీళ్లున్నాయి.

ఆ మధ్యాహ్నం నాకు మిగిలింది ఒకే వైద్యం. నీరసించిన సెల్లులను ఎండలో పెడితే కొంచెం ప్రాణం వస్తుందని అందరం చేసేదే. నాలుగూ తీసి పెరటి గోడ మీద వరుసగా పెట్టాను. రేడియో వెనక మూత తెరిచి పెరట్లోనే పీట మీద ఉంది. నేను దానికి దూరంగా, గడప మీద కూర్చున్నాను. అక్క లోపల బియ్యం కడుగుతోంది.

స్పీకర్ గుర్రుమంది.

రెండు గబగబా. మూడోది కాస్త ఆగి, సాగదీసి.

అక్క తడి చేతులతో బయటికి వచ్చింది. "ఎవరు ముట్టిన్రు?"

నేను పోలీసులకు దొరికిన దొంగలా రెండు చేతులూ పైకెత్తాను.

"సెల్లులేవి?"

గోడ వైపు చూపించాను. నాలుగూ ఎండలో ఉన్నాయి. పక్కనే ఒక కాకి.

అక్క ఆ సెల్లులను చూసింది, పీటను చూసింది. "ఛీ," అంది మెల్లగా. "ఎంగిలి వేలు."

అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన పోయినప్పటి నుంచి అదే మొదటిసారి. నేను ఏదో ఒకటి అనవలసిన చోటు అది. బావ అన్నట్టు నా నోరు బందైంది.

సాయంత్రం రిక్షాలో అక్క మా ఇంటికొచ్చింది, ఒళ్లో రేడియోతో.

నేను ఊరుకునే రకం కాదు, మెకానిక్కులనూ వీధివాళ్లనూ అడిగాను. సెల్లులు తీసేసినా లోపల కాసింత కరెంటు దాగి ఉంటుందన్నారు. ఎన్నోసార్లు పెట్టి తీసి చూశాను, చప్పుడు లేదు. పక్కింటి రేడియో అయి ఉంటుందన్నారు. పక్కింట్లో రేడియో లేదు.

కొన్నాళ్లకు ధైర్యం చేసి ఆ ముత్యాన్ని కరిగించాను. రాగితీగకు పైన వార్నిష్ పూత ఉంటుంది, దాన్ని గీకి అతకాలి. బావ గీకలేదు. పైకి అంత చక్కగా మెరిసిన అతుకు లోపల అసలు అతకనే లేదు. ఎన్ని సెల్లులు వేసినా స్పీకర్‌కు ఏమీ చేరే దారి లేదు. మరి ఆ రోజు మేమిద్దరం విన్నదేమిటి? ఇప్పటికీ చెప్పలేను.

తీగ గీకి మళ్లీ అతికాను, ఎలుక పెంటికలా వచ్చింది. రేడియో ఖంగుమని పాడింది. పరుగున వెళ్లి అక్కను పిలిచాను. నిలబడి పాట మొత్తం విన్నది.

"మంచిగనే ఉన్నది తమ్మీ. ఉత్త రేడియో," అంది. "బంద్ చెయ్యి."

ఇప్పుడు వార్తల వేళకు వాకిట్లో సగం వీధి కూర్చుంటుంది. అక్క రాదు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం సెల్లులు తీసి గోడ మీద ఎండలో పెడుతుంది. రేడియోను మూత తెరిచి పీట మీద పెట్టి, పక్కన బియ్యం ఏరుతూ కూర్చుంటుంది. నేనూ గడప మీద కూర్చుంటాను.

అవి కొత్త సెల్లులు. వాటికి ఎండ అక్కరలేదు. ఆ మాట నేను ఇంతవరకు అనలేదు.