కరెంట్ బంతు

నేను చెప్పబోయేదాంట్లో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఈ జన్మకు నా ఫోనులో సిగ్నలు నిలవకూడదు. పొద్దున మా ఎదురింటి మిద్దెమీది టవరుకు ఒకే ఒక్క మనిషి కొత్త లిథియం బ్యాటరీని భుజాన వేసుకుని ఈల వేస్తూ మెట్లెక్కిపోయాడు. అది చూసి నా నడుము తన పాత నొప్పిని తలుచుకుంది.

మా రోజుల్లో అవి సీసం బ్యాటరీలు, నలుగురు చేతులు వేస్తే తప్ప నేల వదిలేవి కావు. కరెంటు పోతే టవరు ప్రాణం వాటిమీదే. అవి అలిసిపోయాయంటే ఊరి ఫోన్లన్నీ మూగబోయేవి. మా బావ పీణ్య ఫ్యాక్టరీల పేటలో ఆ బ్యాటరీల గోడౌనుకు సూపర్‌వైజరు. కదిరి నుంచి కన్నడం ముక్క రాకుండా దిగిన నన్ను తన కిందే పనిలో పెట్టుకున్నాడు. అక్క కాపురం దొడ్డబళ్ళాపురంలో. రెండో కాన్పు, నెలలు నిండాయి, పెద్దది కదిరిలో మా అమ్మ దగ్గరుంది. నొప్పులు మొదలవగానే అక్క ఫోను చేయాలి, బావ వ్యానేసుకుని వెళ్ళాలి, ఇదీ ఏర్పాటు. అంటే ఆ ఊరి టవరు బతికుండాలి.

ఒక మధ్యాహ్నం గాలివానకు అక్కడ కరెంటు పోయింది. టవరు దగ్గర జనరేటరు అప్పటికే మూలపడి ఉంది. బ్యాటరీలు ఎంతసేపు ఆగుతాయోనని బావ గోడౌనంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, టవరు కాపలా తాత నుంచి ఫోనొచ్చింది. నేనెత్తాను. “కరెంట్ బంతు,” అని పెట్టేశాడాయన. నా కదిరి చెవికి అది ‘బందు’ అయింది. అంతా బందైపోయిందంట బావా అన్నాను.

నలుగురి పని ఇద్దరమే చేసి బ్యాటరీలను వ్యానెక్కించాం. నేను తోలుతుంటే బావ దారి పొడుగునా అక్కకు ఫోను చేస్తూనే ఉన్నాడు, అది బిజీ అంటూనే ఉంది. టవరే చచ్చిపోతే బిజీ అని ఎలా వస్తుందని అడిగే తెలివి మా ఇద్దరిలో ఒక్కరికీ లేకపోయింది.

ఊళ్ళోకి తిరగగానే బావ వ్యాను ఆపించాడు. వీధి పొడుగునా మరమగ్గాలు టకటకలాడుతున్నాయి. ఆ ఊళ్ళో ఆ చప్పుడుందంటే కరెంటున్నట్టే. తాత అన్న మాట అన్నట్టే చెప్పమన్నాడు. చెప్పాను.

“బంతు అంటే వచ్చిందని అప్పా. టవరుకు కాదు, ముందు నీ చెవికి పెట్టల్ల బ్యాకప్పు.”

స్టీరింగు మీద తల ఆనించి నేనూ, తలుపుకానుకుని బావా కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం. సరిగ్గా అప్పుడే బావ ఫోను మోగింది. నొప్పులొస్తున్నాయని అక్క. ఇల్లు రెండు సందుల అవతలే. బ్యాటరీల మధ్య పరుపు వేసి అక్కను ఆసుపత్రికి చేర్చాం, దీపాలు పెట్టే వేళకు మేనకోడలు పుట్టింది. బావ వదిలిన నిట్టూర్పు మగ్గాల చప్పుడులోనూ నాకు వినబడింది.

ఇప్పుడు కరెంటు పోయిందో వచ్చిందో ఫోనుకూ పట్టదు, మనకూ పట్టదు. ఒక మాట తప్పు విని గుండె అరచేత పట్టుకుని ఒకరింటికి పరుగెత్తడం లేనేలేదు. మంచిదే.

అన్నట్టు ఒట్టు పెట్టాను కదా, సిగ్నలు పోకముందే చెప్పేస్తాను. ఆ ఫోను మోగడమొక్కటే నా కల్పన. అది మోగలేదు. అమ్మతో కబుర్లలో అక్క తన ఫోను ఛార్జంతా తాగేసింది. ఎలాగూ వచ్చాం కదా, చూసి పోదామని వెళితే, ఛార్జరు దాకా నడవలేక గడప పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో చచ్చిపోయిన ఫోనుతో.