బ్లెయిర్‌లో అమ్మకున్న పని

మా అమ్మ ఓర్పు గల మనిషని చుట్టాలంతా మెచ్చుకునేవారు. వాళ్ళకేం తెలుసు! అమ్మ జగమొండి. పొగడ్తగానే అంటున్నాను.

అప్పట్లో మేం అండమాన్ దీవుల్లోని రంగత్‌లో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ బడిపంతులు. నేను పెద్దదాన్ని, పన్నెండేళ్ళుంటాయేమో. నా వెనక ముగ్గురు. ఆఖరి తమ్ముడి కాన్పులో రక్తం ఆగక అమ్మకి ప్రాణం మీదికొచ్చింది. వాడికి ఏడాదైనా నిండకుండానే మళ్ళీ నెల తప్పింది. ఇంకో కాన్పు తట్టుకోలేవని డిస్పెన్సరీ నర్సు తేల్చి చెప్పింది. కడుపు తీయించుకోవడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకుంటోందనీ, పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రిలో చేస్తారనీ, ఆలస్యం చేస్తే కష్టమనీ కూడా చెప్పింది. అమ్మ ఇంటికొచ్చి, అందరికీ అన్నం వడ్డిస్తూ, "వచ్చే ఓడకి బ్లెయిర్ వెళ్తాను" అంది.

సంగతి తెలిసి నాయనమ్మ ఒంటికాలి మీద లేచింది. ఆవిడ శ్రీకాకుళం తీరం నుంచి కొడుకు వెంట వచ్చిన మనిషి. డిస్పెన్సరీ గోడ మీద వేసిన కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమంటే ఆవిడకి మొదట్నుంచీ ఒళ్ళుమంట.

"జనం ఎక్కువైపోనారట! ఎక్కడే? ఇటు సూస్తే అడివి, అటు సూస్తే సముద్రం. మనుసులు సాలకే గదా గవర్నమెంటోలు ఓడలెక్కించి మరీ తెచ్చి దింపినారు? ఈ దీవికి ఇంకో బిడ్డ బరువేటి?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. అడివి కొట్టి ఇళ్ళు వేసుకున్న చోట ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా ఊరంతా సంబరపడేది. మెయిన్‌లాండ్ కోసం వేయాల్సిన బొమ్మ ఎవరో పొరపాటున మా ఊరి గోడకి వేసినట్టే ఉండేది.

"దేశంలో జనం ఎక్కువో తక్కువో నాకు తెలీదత్తా" అంది అమ్మ. "నా ఒంట్లో మాత్రం సత్తువ లేదు. నేను పోతే ఈ నలుగుర్నీ ఎవరు సాకుతారు?"

నాన్న మంచివాడే గాని తల్లి ఎదుట నోరు పెగలదు. "ముందు ఓడ రానీ, చూద్దాం" అని బడికి వెళ్ళిపోయాడు. వానలు పట్టుకుని ఆ వారం ఓడే రాలేదు. అమ్మ రోజూ జెట్టీకి మనిషిని పంపి కనుక్కునేది. నేనేమో అమ్మ లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకుని, పెరట్లోకి పోయి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చేదాన్ని.

రేపు ఓడ బయల్దేరుతుందని కబురొచ్చిన సాయంత్రం, నాయనమ్మ అమ్మ పెట్టె లాగి దాని మీద కూచుంది. ఇక లేవనంది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని వీధిలో పడింది.

మా దీవుల్లో ఆ రోజుల్లో ఎవరు బ్లెయిర్ వెళ్ళినా ఊరందరి పనులూ మోసుకెళ్ళాల్సిందే. ఒప్పుకుని ఆగిపోయారంటే ఇంటింటికీ సంజాయిషీ చెప్పుకోవాలి. మామూలుగా జనమే వచ్చి పనులు అప్పజెబుతారు. ఆ సాయంత్రం అమ్మే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, "బ్లెయిర్ జా రహీ హూఁ, కుఛ్ లానా హై?" అంటూ ఏమైనా తేవాలేమో అడిగింది. బెంగాలీ దీదీ విరిగిన కళ్ళజోడు ఇచ్చింది. తమిళావిడ స్టవ్ వత్తులు తెమ్మంది. రాంచీ భయ్యా కూతురి పెళ్ళికి ఎర్రచీర చెప్పాడు. అడిగిన ఇల్లు ఒక్కటీ కాదనలేదు.

తెల్లారేసరికి బెంగాలీ దీదీ మా గుమ్మంలో ఉంది. "అరే దీదీ, అభీ తక్ నికలీ నహీఁ? జహాజ్ ఛూట్ జాయేగా!" ఇంకా బయల్దేరలేదా, ఓడ తప్పిపోతుందని ఆవిడ గోల. వెనకే ఇంకో ఇద్దరు. నాయనమ్మ వాళ్ళకేం చెబుతుంది? వద్దన్నానంటే ఎందుకని అడుగుతారు. అది వీధిలో చెప్పుకునే సంగతి కాదాయె. గొణుక్కుంటూ లేచింది. నాన్న గబుక్కున పెట్టె నెత్తికెత్తుకుని జెట్టీ వైపు నడిచాడు. తల్లి కళ్ళెదుట ఆయన చేసిన తిరుగుబాటు అదొక్కటే. తోడుగా అమ్మ నన్ను తీసుకెళ్ళింది.

బ్లెయిర్ చేరి అక్కడి డిగ్నాబాద్‌లో పిన్ని ఇంట్లో దిగాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ పిన్నినీ నన్నూ బయట కూర్చోబెట్టి తలుపేసింది. మర్నాడు పని క్షేమంగా అయిపోయింది. నేను లోపలికి వెళ్ళేసరికి అమ్మ పాలిపోయి పడుకుని ఉంది. నా చెయ్యి పట్టుకుని మొట్టమొదట అడిగిందేమిటంటే, కళ్ళజోడు బాగుచేయించారా అని! నాకు ఒళ్ళు మండిపోయింది. పిన్నీ నేనూ అబర్డీన్ బజారంతా తిరిగి ఆ సరుకులన్నీ కొనేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆసుపత్రిలో ఆ గదిని జనాభా తగ్గించాలన్న ఆత్రంతో తెరిచారో మరెందుకు తెరిచారో గాని, అందులోకి అమ్మ బతకడానికి వెళ్ళింది. బతికింది. మా నలుగుర్నీ పెంచి పెద్దచేసింది. అలాంటి అమ్మ కడుపున పుట్టినందుకు ఈ వయసులోనూ నాకు గర్వమే.

తిరిగొచ్చిన రోజు నాయనమ్మ ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. ఆవిడ నీళ్ళు కాచి ఉంచింది. బాలింతకి పోసినట్టే అమ్మకి నీళ్ళు పోసి, మిరియాలూ శొంఠీ బెల్లంతో దంచిన కాయం ఉండ చేతిలో పెట్టింది. తల తుడుస్తూ మెల్లగా అడిగింది.

"ఏటన్నాది డాక్టరమ్మ? తిట్టినాదా?"

"లేదత్తా. చెల్లినీ పిల్లనీ బయటికి పంపేసి, నీకేం కావాలని అడిగింది."

"మీ ఆయనకేటి కావాలనా?"

"కాదు. నాకే."

నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆవిడ తొమ్మిదిమందిని కని ముగ్గుర్ని దక్కించుకుంది. ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

"నన్నొక్కలూ అడగనేదే అమ్మా" అంది. "ఒక్కలంటే ఒక్కలు."