సలోమీ చెప్పిన పోలిక

మా చిన్నప్పుడు శనివారం ఆఖరి పీరియడ్ అనగానే నాకు కడుపునొప్పి వచ్చేది... నిజం నొప్పి కాదు లెండి, దొంగనొప్పి. ఆ పీరియడ్‌లో పోలికలు చెప్పాలి మరి.

డెబ్బైల చివరి రోజులు. నందిగామ నుంచి చెవిటికల్లు వైపు వచ్చే దారిలో మాదో చిన్న ఊరు. ఎప్పుడో మిషన్ వాళ్ళు కట్టిన పెంకుటిల్లే మా బడి. ఆరు రోజులు బడి, ఆదివారం అదే గదిలో పేటలోని క్రైస్తవుల ప్రార్థన. మా పంతులమ్మగారు జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చేవారు.

ఉపమాలంకారం అనే పెద్ద మాట ఎత్తకుండానే ఆవిడ నాలుగో తరగతి వాళ్ళకి అది నేర్పారు. "చంద్రుడిలాంటి ముఖం పుస్తకంలో ఉంది, అక్కడే ఉండనీండి. మీ కళ్ళతో మీరు చూసింది చెప్పండి" అనేవారు. చెప్పాక మూడు ప్రశ్నలు... ఎక్కడ చూశావ్? ఎప్పుడు చూశావ్? చూసి ఏం చేశావ్? బాగుంటే రంగు సుద్దతో మనమే బోర్డు మీద రాసి, కింద పేరు పెట్టుకోవాలి. సోమవారం దాకా దాన్ని ఎవ్వరూ చెరపకూడదు.

ఏసోబు "మా తాత దగ్గితే స్టార్టవ్వని బస్సులాగ ఉంటదండి" అని దర్జాగా బోర్డెక్కాడు. ఎక్కాలు గడగడా అప్పజెప్పే నా పేరు మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. నాకది తల కొట్టేసినట్టుండేది.

సలోమీ నా పక్కనే కూర్చునేది. వాళ్ళమ్మ మా మిరప చేలో కాయ కోతకి వచ్చేది... ఆ ఏడే పురిట్లో పోయింది. పిల్లాడు బతికాడు. వాళ్ళమ్మ చీరతో కట్టిన ఉయ్యాలలో తప్ప వాడు నిద్రపోయేవాడు కాదట. అందుకని వాళ్ళ నాన్న వారానికోసారి ఆ చీర ఉతికి దండెం మీద ఆరేసేవాడు.

ఒక శనివారం బడికి వస్తూ సలోమీ నాతో చెప్పింది.

"చీర ఆరేస్తే అచ్చం మా అమ్మ అటు తిరిగి నిలబడ్డట్టే ఉంటదే. మొన్న రెండుసార్లు పిలిచా... తిరగలా." నా చెయ్యి పట్టుకుని, "ఇయ్యాల ఇదే చెప్తా. బాగుంటదా?" అంది.

బాగుంటుందన్నాను.

ఆఖరి పీరియడ్‌లో వరస నా దగ్గరే మొదలైంది. నా దగ్గర ఏమీ లేదు. లేచి నిలబడ్డాను... నోట్లోంచి అదే వచ్చేసింది.

"దండెం మీద చీర మా అమ్మ అటు తిరిగి నిలబడ్డట్టు ఉందండి."

పంతులమ్మగారు కుర్చీలోంచి లేచారు. "ఎక్కడ చూశావమ్మా?"

"మా దొడ్లో అండి."

"ఎప్పుడు?"

"పొద్దున్నండి."

"చూసి ఏం చేశావ్?"

"పిలిచానండి... వంటింట్లోంచి మా అమ్మ వచ్చి ఏందే అందండి!"

అందరూ ఘొల్లున నవ్వారు. పంతులమ్మగారూ నవ్వారు. సలోమీ తన పలక వంక చూస్తూ కూర్చుంది. తన వంతు వచ్చినప్పుడు "నాకేం రాలేదండి" అంది.

నేను ఎర్ర సుద్దతో బోర్డు మీద రాసి పేరు పెట్టుకున్నాను. దస్తూరీ కూడా బాగుందని మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చేసరికి దొడ్లో అమ్మ చీర ఆరేసి ఉంది. నిజంగానే అటు తిరిగి నిలబడ్డట్టుంది. "అమ్మా" అన్నాను. ఎవరూ పలకలేదు. అమ్మ పక్కింటికి వెళ్ళింది, అంతే... కానీ నా నోటితో నేనే ఇంటికి చావుని పిలిచానని భయమేసింది. ఆ రోజు అమ్మ కొంగు పట్టుకుని వదలకుండా పడుకున్నాను.

తెల్లారగానే బోర్డు తుడిచేద్దామని బడికి పరిగెత్తాను. ఆదివారం సంగతి మర్చిపోయాను. లోపల ప్రార్థన జరుగుతోంది. కిటికీలోంచి చూశాను... ముందు వరసలో సలోమీ, ఒళ్ళో తమ్ముడు, వాడి చుట్టూ ఆ చీర. ఎదురుగా బోర్డు మీద ఆ వాక్యం, కింద నా పేరు. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. సలోమీ ఒక్కతే కళ్ళు తెరిచి బోర్డు చూస్తోంది.

పక్కనే ఉన్న వాళ్ళ నాన్నకి చదువు రాదు. ఆ క్షణాన అది నాకెంత ధైర్యమిచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం నిజం చెప్పేయాలనుకున్నాను. పంతులమ్మగారు బోర్డు తుడిచేశారు. నేను నోరు విప్పలేదు. ఇంటికెళ్ళేటప్పుడు సలోమీ ముందు నడుస్తోంది. రెండుసార్లు పిలిచాను... తిరగలేదు.

ఆ తర్వాత ప్రతి శనివారం "రాలేదండి" అనే చెప్పింది. కాయ కోతలు అయ్యాక వాళ్ళ నాన్న పని వెతుక్కుంటూ పిల్లలతో ముక్త్యాల వైపు వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ సలోమీని చూడలేదు.

పెద్దయ్యాక నేనూ పంతులమ్మనే అయ్యాను. పిల్లలకి అవే మూడు ప్రశ్నలు వేసేదాన్ని. మూడోది మాత్రం ఎప్పుడూ పిల్లల ముఖాలు చూడకుండా అడిగేదాన్ని.

కిందటేడు అమ్మ పోయింది. కార్యక్రమాలయ్యాక ఎవరో అమ్మ చీర ఉతికి దండెం మీద వేశారు. పొద్దున్నే తలుపు తీశాను... పిలవబోయి ఆగిపోయాను. ఆ మాట నాకు అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది. సలోమీకి తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు.

ఇప్పుడు పోలికలు గైడుల్లో దొరుకుతున్నాయి, పిల్లలు బట్టీ కొడితే మార్కులు పడుతున్నాయి. చూసి ఏం చేశావని అడిగేవాళ్ళు లేరు... మీ బళ్ళో మీరూ ఎవరి మాటనైనా మీదని చెప్పుకున్నారా? చెప్పుకుని ఉంటే కింద రాయండి, వాళ్ళ పేరుతో సహా. ముందు నేను రాస్తున్నాను.

దండెం మీద చీర మా అమ్మ అటు తిరిగి నిలబడ్డట్టు ఉంది.
సలోమీ, నాలుగో తరగతి.